మా ఆవిడ దిద్దిన కాగితం

అబద్ధం చెప్పడం వేరు, కోతలు కోయడం వేరు. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాడి దగ్గర ఏదో ఒకటి కొట్టేయాలని చూస్తాడు. కోతలు కోసేవాడు తన దగ్గర లేనిది కూడా ఎదుటివాడికి ఇచ్చి పంపిస్తాడు. ఈ తేడాను నేను నలభై తొమ్మిదేళ్ళుగా మా ఆవిడకు వివరిస్తూనే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

నేను బోర్లు వేసేవాణ్ణి. మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి మా బళ్ళో లేదు గనక నా చదువు అక్కడితో సంపూర్ణమైంది. భూమిలోకి ఎంత లోతు దిగామో పైన నిలబడ్డవాడికి కనిపించదు కదా, అందుకని ఆ పనిలో ఉన్నవాడి నోటికి స్వేచ్ఛ కాస్త ఎక్కువ. మా ఆవిడ ఆసుపత్రిలో కాంపౌండరు. చుక్క ఎక్కువైతే మనిషి పోతాడు, చుక్క తగ్గితే జబ్బు పోదు అనుకుంటూ ముప్పై ఒక్క ఏళ్ళు సీసాలకు గీతలు చూసి మందులు పోసిన మనిషి. నేను నలుగురిని పోగేసుకుని అరుగు మీద ఓ బోరు లోతు చెప్పగానే ఇంట్లోంచి ఆమె గొంతు వచ్చేది, అసలు లోతెంతో చెబుతూ. నా గాలి తీయడానికి ఆమెకు బయటికి రావలసిన పని కూడా ఉండేది కాదు.

ఆ గొంతు ఆగిపోయి రెండేళ్ళు కావస్తోంది. డాక్టరు డిమెన్షియా అన్నాడు. మొదట తాళంచెవులు, ఆ తర్వాత వీధి, ఆ తర్వాత నేను. ఒక్కొక్కటీ ఆమె లెక్కలోంచి జారిపోయాం. మాటలు కూడా తగ్గి తగ్గి, రోజుకు నాలుగైదుకు వచ్చాయి.

మా అమ్మాయి మాతోనే ఉంటుంది, కళ్ళద్దాల దుకాణంలో పని. పగలు తల్లిని ఎవరో ఒకరు చూసుకోవాలి. నేనున్నాను గానీ నన్ను దగ్గరికి రానిస్తే కదా! ఎవరో పరాయి ముసలాడు బాత్రూం తలుపు దగ్గర తచ్చాడుతున్నాడని ఆమె కేకలు. అమ్మాయి చెయ్యి వేసినా అంతే. ఒళ్ళు తడిగుడ్డతో ఎలాగో తుడుస్తున్నాం, తల కడిగి మాత్రం ఏడు వారాలైంది. మాడు మీద పుండ్లు లేచాయి.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఇలాంటి వాళ్ళను పగటిపూట చూసుకునే సెంటరు ఒకటి ఉంది. ఒకప్పుడు బట్టల గోడౌను. కింద హాల్లో ఇరవై మంది పెద్దవాళ్ళు, పైన గదిలో కేర్‌టేకర్లకు శిక్షణ. ఆ శిక్షణ ఇచ్చేదీ, సెంటరును నడిపేదీ ఒకావిడే. రిటైరైన నర్సు. మనిషి నా మోచెయ్యంత ఉంటుంది, గొంతు మాత్రం నా బోరు మిషనంత. అందరూ ఆమెను పంతులమ్మ అంటారు.

"నెల్లాళ్ళు చూద్దాం తాతగారూ" అంది పంతులమ్మ మొదటి రోజు. "పుండ్లు ముదిరితే ప్రమాదం. మా వాళ్ళని దగ్గరికి రానిచ్చి, తల కడిగించుకుని, ఇక్కడ కుదురుకుంటే సంతోషం. లేదంటే రాత్రింబగళ్ళు నర్సులుండే పెద్ద హోముకి పంపక తప్పదు."

ఆ పెద్ద హోము బస్సులో ఐదు గంటల దూరం. ఆదివారాలు మాత్రమే చూడనిస్తారట. నలభై తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద పడుకున్నవాళ్ళం. 

అప్పుడే పంతులమ్మ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. పద్దెనిమిది గళ్ళు. ఈ మనిషికి ఏది ఇష్టం, దేనికి భయం, చిన్నప్పుడు ఏం జరిగింది, స్నానం ఎలా చేస్తుంది, టీలో చక్కెర ఎంత. "ఆమె చెప్పే స్థితిలో లేదు కాబట్టి ఆమె తరఫున మీరు చెప్పాలి. మా వాళ్ళు దీన్ని చదువుకునే ఆమె దగ్గరికి వెళ్తారు."

ఇరవై మంది ముసలివాళ్ళలో ఇరవై ఒకటో మనిషిగా మా ఆవిడ కూర్చుంటే ఎవరు పట్టించుకుంటారు అనిపించింది. ఈ కాగితం చదివినవాళ్ళు లేచి నిలబడాలి అనిపించింది. ఇంకేముంది, పెన్ను పట్టుకున్నాను.

భయం అన్న గడిలో, "అలాంటిది తెలియదు. ఇంట్లో దూరిన ముగ్గురు దొంగలను చీపురుతో మూలకు తోసి తెల్లారేదాకా నిలబెట్టింది" అని రాశాను. చక్కెర ఏడు చెంచాలు. సంగీతమంటే చెవి కోసుకుంటుంది, నాలుగింటికే లేచి పాడుతుంది. స్నానం అన్న గడి నా కిరీటం. "నీళ్ళంటే ప్రాణం. పన్నెండేళ్ళ వయసులో వరదలో ఉన్న నదిని ఒంటి చేత్తో ఈదింది. రెండో చేతిలో దీపం. ఒడ్డు చేరేసరికి దీపం వెలుగుతూనే ఉంది."

ఈ నది కథ నేను కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఎక్కడ మొదలైందో నాకే గుర్తులేదు.

* * *

మా ఆవిడను చూసుకోవడానికి సెంటరు వాళ్ళు పెట్టిన ఆవిడకు నలభై రెండేళ్ళు. పన్నెండేళ్ళు బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసింది. బేకరీ మూతపడితే ఈ శిక్షణలో చేరింది. అందరూ బేకరీ అక్క అంటారు. నన్ను చూడగానే వరస కలిపేసింది.

"బాబాయ్, ఆ కాగితం చదివాను. అబ్బబ్బ, ఏం పిన్ని! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది."

"నువ్వింకా చూళ్ళేదమ్మాయ్" అన్నాను, మీసం సవరించుకుంటూ.

మూడో రోజు సాయంత్రం అమ్మాయి వచ్చి చెప్పింది. స్నానాలగదిలో అమ్మ పెట్టిన కేకలు వీధి దాకా వినిపించాయట. బేకరీ అక్క చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా రక్కేసిందట. ఆ మర్నాటి నుంచి మా ఆవిడ ఆ గది ఉన్నవైపు తల కూడా తిప్పలేదు. సెంటరు వ్యాను దిగనంటుంది, దిగితే కూర్చోనంటుంది. ఎవరైనా దగ్గరికొస్తే రెండు చేతులతో తల మూసుకుంటుంది. టీ ఇస్తే ఉమ్మేస్తుంది. పక్కన రేడియోలో పాటలు పెడితే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది.

ఒకదానికీ ఇంకోదానికీ ముడి పెట్టాలని నాకు తోచలేదు. జబ్బు ముదురుతోందనుకున్నాను. నెల్లాళ్ళలో ఇరవై రోజులు కరిగిపోయాయి.

"గురువారం పై గదిలో తరగతికి మీరు కూడా రండి" అని పంతులమ్మ కబురు పెట్టింది. "ఇంట్లోవాళ్ళు కూడా వింటే మంచిది."

వెళ్ళాను. ఎనిమిది మంది కేర్‌టేకర్లు, తొమ్మిదోవాణ్ణి నేను. పంతులమ్మ నన్నే ముందుకు పిలిచింది. చేతులకు మందపాటి తోటపని గ్లౌజులు, ఒక జత మీద ఇంకో జత. కళ్ళకు వాజిలైను పూసిన అద్దాలు. చెవుల మీద గరగరలాడే హెడ్‌ఫోను. ఒక చొక్కా చేతికిచ్చింది.

"తొడుక్కుని గుండీలు పెట్టుకోండి తాతగారూ."

"ఇదేం పెద్ద పని. నేను చీకట్లో బోరు మిషను..." అంటూ మొదలుపెట్టాను. చొక్కాకు చేతులు ఎక్కడున్నాయో కనబడలేదు. అంతలో ఒకప్పుడు సెక్యూరిటీ గార్డుగా చేసిన మనిషి నా చెవి దగ్గర అరిచాడు. "తాతా, కానీండి, వ్యాను వెళ్ళిపోతోంది!" ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో వెనకనుంచి నా చెయ్యి పట్టుకుని "అలా కాదు, ఇలా" అని లాగారు.

"చెయ్యి తీయకపోతే కొరికేస్తా!" అని నేనే అరిచాను. గ్లౌజు తీసి విసిరేశాను కూడా. అది కిటికీకి తగిలింది.

పంతులమ్మ నెమ్మదిగా నా కళ్ళద్దాలు తీసింది.

"ఏం తాతగారూ, మీరు మొండివారా? కోపిష్టివారా?"

"నేనా? నాకు కనపడలేదు, వినపడలేదు, వెనకనుంచి ఎవడో మీద పడ్డాడు. ఏం చెయ్యమంటావు?"

"రాసుకోండి అందరూ" అంది ఆమె. "కొట్టిన చెయ్యిని తర్వాత చూడండి. ఆ చెయ్యి లేవడానికి ముందు ఏం జరిగిందో చూడండి. మాట చెప్పి ఆగండి. ఎదురుగా వచ్చి, కూర్చుని, వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉండి మాట్లాడండి. వాళ్ళకు అర్థమయ్యేదాకా మీ చేతులు మీ దగ్గరే పెట్టుకోండి."

నేను నా కుర్చీలో కూర్చుని చొక్కా గుండీల వంకే చూస్తూండిపోయాను. రెండేళ్ళుగా మా ఆవిడను "తొందరగా కానీ" అని నేనెన్నిసార్లు అన్నానో లెక్క కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

ఆ తర్వాత పంతులమ్మ గోడ మీద ఒక కాగితం అంటించింది. పద్దెనిమిది గళ్ళు. నా చేతిరాత.

"ఇప్పుడు ఈ పెద్దావిడ సంగతి. ఇందులో ఉన్నది ఉన్నట్టు పాటించాం. ఏడు చెంచాల చక్కెర వేశాం. పాటలు పెట్టాం. అయినా రోజురోజుకీ బెదిరిపోతోంది. మనం ఎక్కడ తప్పు చేస్తున్నాం?"

బేకరీ అక్క లేచి నిలబడింది. చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించుకుని ఉంది.

"తప్పు నాదే మేడం. ఆ మనిషి నదినే ఈదింది, నేను షవరు కింద నిలబెట్టలేకపోయాను. చూసి చూసి చెప్తున్నా, నాకీ పని చేతకాదేమో. వేరేవాళ్ళకి ఇవ్వండి. పిన్నికి అన్యాయం చెయ్యలేను."

నేను డెబ్భై ఆరేళ్ళ మనిషిని. నా కోతల మూలంగా ఎవరికైనా దెబ్బ తగులుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఆ నది..." అన్నాను.

"ఏ నది?" అంది పంతులమ్మ.

"కాగితంలో నది. లేదు."

"ఎక్కడ లేదు?"

"ఎక్కడా లేదు."

పంతులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "దొంగలు ముగ్గురని రాశారే?"

"దొంగలు కూడా..."

"ఒక్కడైనా ఉన్నాడా?"

"పిల్లి ఉండేది" అన్నాను.

సెక్యూరిటీ గార్డు పకపకా నవ్వి, పంతులమ్మ చూపు తగలగానే నోరు మూసుకున్నాడు. బేకరీ అక్క నవ్వలేదు. తిట్టినా బాగుండేది.

"నేనది పదిసార్లు చదివాను బాబాయ్" అంది. "అంత గొప్ప మనిషికి సేవ చేసే అదృష్టం నాకొచ్చిందనుకున్నా. నీళ్ళంటే ప్రాణం అని రాశారు కదా అని షవరు పూర్తిగా తిప్పేశా. నెత్తి మీదే."

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "క్షమించమ్మా" అన్నాను. ఆ మాట నా నోట రావడం చూస్తే మా అమ్మాయి కూడా నమ్మేది కాదు.

పంతులమ్మ కొత్త కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "పెన్సిలుతో రాయండి. మీ చేతికి పెన్ను ఇవ్వడం క్షేమం కాదు."

* * *

ఆ రాతపని నన్ను ఏడిపించింది. ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద కాగితం పరుచుకుని కూర్చున్నాను. మొదటి గడిలో ఆమె పుట్టిన సంవత్సరం రాశాను. అది నిజమే. రెండో గడి దగ్గర ఆగిపోయాను.

మా ఆవిడ ఎన్నింటికి లేచేది? నాలుగింటికి అని ఎప్పుడూ చెప్పేవాణ్ణి. నిజంగా ఎన్నింటికి? నేను లేచేసరికి ఆమె లేచి ఉండేది, అంతే తెలుసు. చక్కెర? ఆమె టీ ఆమే కలుపుకునేది. స్నానం? తలుపు వేసుకునేది. నలభై తొమ్మిదేళ్ళలో ఆమె తల ఎలా కడుక్కుంటుందో నేను చూడనే లేదు. నా నోటినిండా కథలే ఉన్నాయి. నిజాలన్నీ ఆమె దగ్గరే దాచి పెట్టించాను. బీరువా ఆమెది, తాళంచెవి ఆమెది.

"అమ్మకి నీళ్ళంటే భయమా?" అని అమ్మాయిని అడిగాను.

"ఏమో నాన్నా. అమ్మ నది ఈదిందనే నేనూ నమ్మాను. బళ్ళో వ్యాసం కూడా రాశాను. బహుమతి కూడా వచ్చింది."

మా ఆవిడనే అడుగుదామని ఎదురుగా కూర్చున్నాను. పంతులమ్మ చెప్పినట్టే, కళ్ళ ఎత్తులో. "నీకు నీళ్ళంటే భయమా? ఎప్పట్నుంచి? టీలో చక్కెర ఎంత?" ఆమె నా వంక చూసింది, ఆఫీసులో దరఖాస్తు తప్పుగా పెట్టినవాణ్ణి చూసినట్టు. ఆ తర్వాత బల్ల అంచును వేలితో రుద్దుకుంటూ ఉండిపోయింది. ప్రశ్న ప్రశ్నకూ ఆమె ముఖం ఇంకాస్త ముడుచుకుపోతోంది. మానేశాను.

సోమవారం నాటికి గడువులో ఆరు రోజులే మిగిలాయి. ఖాళీ కాగితం జేబులో పెట్టుకుని సెంటరుకు వెళ్ళాను, నా వల్ల కాలేదని ఒప్పుకుందామని.

టీ వేళ. హాల్లో కుర్చీలు అర్ధచంద్రంలా వేసి ఉన్నాయి. మా ఆవిడ కిటికీ పక్కన, మాకు వీపు పెట్టి కూర్చుంది. బేకరీ అక్క ఆమెకు నాలుగు అడుగుల దూరంలో, నేల మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. చేతులు తన దగ్గరే పెట్టుకుంది.

సెక్యూరిటీ గార్డు నాకు టీ ఇచ్చాడు. నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, మాట కలిపాడు. "తాతా, మీరు బోర్లు వేసేవారటగా. అన్నిటికన్నా లోతు ఎంత?"

నిజమే చెబుదామనుకున్నాను, ఒట్టు. ఆ అంకె గుర్తు రాలేదు. ఖాళీ దొరికితే నా నోరు ఊరుకుంటుందా?

"పద్నాలుగు వందల అడుగులు" అన్నాను. "అడుగున ఠంగుమంది. చెవి పెట్టి విన్నాను. భూమికి అవతలివైపు వాళ్ళు 'ఎవరండీ తలుపు కొట్టేది' అంటున్నారు. నేను 'తప్పు ఇంటికొచ్చాం' అని చెప్పి..."

"మూడు వందల నలభై."

కిటికీ వైపు నుంచి. తల తిప్పకుండానే.

నా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

"రాయి తగిలింది" అంది మా ఆవిడ. "నీళ్ళు పడలేదు. వాళ్ళు డబ్బులివ్వకపోతే మా ఆయన అడగలేదు."

రెండేళ్ళలో ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడ్డం నేను వినలేదు. హాలు చివర నుంచి పంతులమ్మ పరుగులాంటి నడకతో వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. నా భుజం మీద వేలితో పొడిచి, "ఇంకోటి కొయ్యండి" అని గొణిగింది.

నా జీవితంలో ఒక మంచి పనికి నన్ను కోతలు కొయ్యమని అడిగింది ఆమె ఒక్కతే.

"మా ఆవిడ" అన్నాను, గొంతు సవరించుకుని, హాలంతటికీ వినపడేట్టు, "టీలో ఏడు చెంచాల చక్కెర వేసుకుంటుంది. చెంచా నిలబడాలి."

"చక్కెర వెయ్యను."

బేకరీ అక్క తువ్వాలు వదిలేసి వచ్చి నా జేబులోంచి కాగితం లాక్కుని, వెళ్ళి మళ్ళీ నేల మీద కూర్చుంది. సెక్యూరిటీ గార్డు తన చెవి మీది పెన్సిలు ఆమెకిచ్చాడు.

"పొద్దున్న నాలుగింటికే లేచి పాటలు పాడితే కోళ్ళు సిగ్గుపడి కూతలు మానేసేవి."

"ఆరింటికి. పాటల్లేవు. చప్పుడంటే తలనొప్పి నాకు."

గార్డు వెళ్ళి రేడియో కట్టేశాడు. హాల్లో ఇంతకాలం ఎంత చప్పుడుందో అది ఆగాకే తెలిసింది. మా ఆవిడ భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి.

ఇంకో మూడు నాలుగు కోశాను. ఆమె ఒక్కొక్కటీ కోసి పారేస్తోంది, సీసాలో గీత దగ్గర మందు ఆపినట్టు. బేకరీ అక్క పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. ఇక స్నానం గడి ఒక్కటే ఉంది. పంతులమ్మ ఈసారి పొడవలేదు, భుజం మీద చెయ్యి వేసి ఉంచింది.

"ఆమెకు పన్నెండేళ్ళప్పుడు" అన్నాను మెల్లగా, "నదికి వరదొచ్చింది. ఒంటి చేత్తో ఈదింది. రెండో చేతిలో దీపం."

మా ఆవిడ కుర్చీలో ఇటు తిరిగింది.

"నది కాదు. పంటకాలువ. నాకు తొమ్మిదేళ్ళు. దీపమెందుకు, పగలు." రెండు చేతులూ తల మీదికి వెళ్ళాయి. "ఈదలేదు. పడ్డాను. నెత్తి మీదినుంచి నీళ్ళు. మా అక్క జుట్టు పట్టుకుని లాగింది. ఇల్లొచ్చేదాకా జుట్టు వదల్లేదు."

నాకప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పింది. చెబుతూ వణికింది. ఆ వణుకు నేను చూడలేకపోయాను. మర్నాడు నలుగురిలో దాన్ని నదిగా మార్చి, ఆమెను వీరురాలిని చేసి, చేతికి దీపమిచ్చాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పి, చివరికి కాలువను నేను పూడ్చేశాను.

అప్పుడు బేకరీ అక్క, నేల మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, తువ్వాళ్ళతో చెబుతున్నట్టు అంది. "అందుకే పిన్ని ఆనాటి నుంచి తల కడుక్కోవడమే మానేసింది."

"ఎందుకు మానేస్తాను!" మా ఆవిడ గొంతులో ఆసుపత్రి మందుల గది పలికింది. "స్టూలు మీద కూర్చుని. తల ముందుకు వంచి. మొహానికి తువ్వాలు అడ్డం. గోరువెచ్చని నీళ్ళు, వేడి కాదు. చెంబు నా చేతిలో. ఎవరూ జుట్టు ముట్టుకోకూడదు."

బేకరీ అక్క రాసుకుంది. రాస్తూంటే ఆమె ముక్కు ఎర్రబడింది. నేను యాభై ఏళ్ళు సాధన చేసిన విద్య ఆమె ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకుంది, అదీ నాకన్నా మంచి పనికి.

మా ఆవిడ నన్ను పరీక్షగా చూసింది. "మీరు అచ్చం మా ఆయనలాగే మాట్లాడుతున్నారు. ఆయనకీ నోరు ఊరుకోదు."

"ఎలాంటివాడండీ మీ ఆయన?" అన్నాను. అడక్కూడదేమో, అడిగేశాను.

ఆమె ఆలోచించింది. "మంచివాడే. లెక్క రాదు."

ఆ మాటకు సర్టిఫికెట్ ఇస్తే గోడకు తగిలించుకునేవాణ్ణి.

సాయంత్రం పంతులమ్మ మమ్మల్నందరినీ పైకి పిలిచి గట్టిగానే చెప్పింది. "రోజూ ఇలా అవుతుందనుకోకండి. ఇవాళ ఆవిడకి బాగుంది, చెప్పింది. రేపు చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగొద్దు, పరీక్ష పెట్టొద్దు. తప్పు చెప్పి ఆమెని కంగారు పెట్టినవాళ్ళెవరైనా ఉంటే నేనూరుకోను. తాతగారూ, మీకే చెప్తున్నా."

"నేనేమన్నానండీ?"

"ఇంకా ఏమీ అనలేదు. అందుకే ముందు చెప్తున్నా."

* * *

బుధవారం. స్నానాలగదిలో షవరు గొట్టం కనబడకుండా బేకరీ అక్క మందపాటి తెర కట్టింది. నేల మీద చప్పుడు కాకుండా రబ్బరు పట్టా పరిచింది. స్టూలు, బాల్చీ, ఒక స్టీలు చెంబు, రెండు తువ్వాళ్ళు. నీళ్ళు మోచేతితో చూసుకుంది. పొయ్యి దగ్గర పన్నెండేళ్ళు చేసిన మనిషికి వేడి సంగతి ఇంకొకరు చెప్పాలా!

లోపలికి రమ్మని అనలేదు. తలుపు తెరిచి పెట్టి, తానే స్టూలు మీద కూర్చుని, తల ముందుకు వంచి, చెంబుతో తన జుట్టే కొంచెం తడుపుకుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఎంతసేపు చూసిందంటే, నేను హాల్లో కూర్చుని గోళ్ళన్నీ కొరికేసుకున్నాను.

"అంత నీళ్ళు చాలవు" అంటూ మా ఆవిడ లోపలికి వెళ్ళింది.

తలుపు మూసుకుంది. నేనూ అమ్మాయీ బయట నిలబడ్డాం. అమ్మాయి దుకాణంలో సెలవు అడిగి వచ్చింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు. లోపల ఏమీ వినపడలేదు. బేకరీ అక్క గొంతు ఒకటి రెండుసార్లు, తగ్గుస్థాయిలో. తర్వాత చెంబు బాల్చీ అంచుకు తగిలిన చప్పుడు. నీళ్ళు పడ్డాయి. కేక రాలేదు. చాలా సేపటికి ఇంకో చెంబు. మళ్ళీ ఇంకోటి. పదకొండు చెంబులు పడ్డాయి. ఇది కోత కాదు, అమ్మాయి కూడా లెక్కపెట్టింది.

పంతులమ్మ మా పక్కకొచ్చి నిలబడింది. తలుపు అవతలి చప్పుడు ఆమె కూడా వింది. "పెద్ద హోముకి కాగితాలు పంపడం లేదులెండి" అంది, అదేదో మామూలు సంగతన్నట్టు. అమ్మాయి ఆమెను గట్టిగా కౌగలించుకునేసరికి పంతులమ్మ కాళ్ళు నేలమీదినుంచి లేచాయి. ఇది మాత్రం కొంచెం కోతే. మడమలు లేచాయి.

మనుషులకు కృతజ్ఞత చెప్పడం నాకు సరిగ్గా రాదు. నేను ఎవరినైనా మెచ్చుకుంటే అందులో ఒక ఏనుగో, ఒక సుడిగాలో దూరిపోతుంది. అందుకని ఈ ఇద్దరి గురించి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఒకామె నా తప్పును గోడ మీద అంటించి కూడా నన్ను గదిలోంచి పంపెయ్యలేదు. ఇంకొకామె చెయ్యి రక్కించుకుని, నేను రాసిన చెత్తంతా నమ్మి, తప్పు తనదే అనుకుని, నిజం తెలిశాక కూడా మా ఆవిడ పక్కన నేలమీద కూర్చునే ఉంది. పది వారాలకు పైగా ఎవరికీ లొంగని తలను తన వేలు తగలకుండానే కడిగించింది. పుండ్లకు మందు కూడా మా ఆవిడ చేతనే రాయించింది, "ఎంత రాయాలో నాకు తెలియదు పిన్నీ" అని సీసా చేతికిచ్చి. నేను దేవుణ్ణి పెద్దగా ఇబ్బంది పెట్టే మనిషిని కాను, కానీ ఆ రోజు ఆమె పేరు చెప్పి ఒకసారి తలుచుకున్నాను.

తలుపు తెరుచుకుంది. మా ఆవిడ జుట్టు భుజాల మీద తడిగా పరుచుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బేకరీ అక్క నిలువునా తడిసి, వెనకాల ఖాళీ బాల్చీతో నిలబడింది. జుట్టు ముట్టుకోలేదు. తువ్వాలు అందించి, ఎండ పడే కిటికీ వైపు చేత్తో చూపించింది. మా ఆవిడ వెళ్ళి ఎండలో కూర్చుని తనే తుడుచుకోసాగింది.

నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. దగ్గరికి వెళితే పరాయి ముసలాణ్ణి కదా.

ఆమె తువ్వాలు కిందికి దించి నన్ను చూసింది. "ఎవరి కోసం వచ్చారు?"

"మా ఆవిడ కోసమండీ."

"వచ్చిందా?"

"వచ్చింది. జుట్టు ఆరబెట్టుకుంటోంది."

"దానికి టైము పడుతుంది" అంది. పక్క కుర్చీ మీదున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నిలబడ్డారెందుకు, కూర్చోండి."

కూర్చున్నాను. నాలుగింటికి వ్యాను వచ్చేదాకా ఇద్దరం ఆ ఎండలోనే ఉన్నాం.